యాక్సిడెంట్ అయి ఏడాదిన్నర దాటింది, గుండె దడ తగ్గలేదు, ఇంట్లో రోజూ గొడవలే. కౌన్సెలింగ్‌తో పనవుతుందా?

అడిగినవారి సంగతి క్లుప్తంగా ఇదీ. వయసు 34. శ్రీకాకుళంలో కాపురం, పైడిభీమవరంలో షిఫ్టు డ్యూటీ. ఏడాదిన్నర కిందట రణస్థలం దగ్గర హైవే మీద లారీ తగిలి, తన బండి వెనక కూర్చున్న స్నేహితుడు అక్కడికక్కడే పోయాడు. అప్పటినుంచి ఎయిర్ హారన్ వినబడితే ఒళ్లంతా చెమటలు. రాత్రి రెండు దాటితే గాని నిద్ర రాదు. బండి ముట్టుకోవడం లేదు, స్నేహితుడి ఇల్లున్న వీధివైపు పోవడం లేదు. గుండె పరీక్షలన్నీ నార్మల్. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఆల్ప్రజోలం (మత్తుగా నిద్ర పట్టించే మందు) రోజూ రాత్రి అర మాత్ర. భార్య ‘నువ్వు రాయిలా అయిపోయావు’ అంటోంది. చిన్నప్పుడు నాన్న తాగొచ్చి కొట్టేవాడని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. అడుగుతున్నవి: కౌన్సెలింగ్ అంటే మాట్లాడటమేగా, దానికి డబ్బులెందుకు? అంతా విప్పి చెప్పాలా? చిన్న ఊరు, ఎవరికైనా తెలిస్తే? భార్యను కూడా తీసుకెళ్లాలా? ఎన్నాళ్లు పడుతుంది?

నేను విజయనగరంలో క్లినికల్ సైకాలజిస్టుని. శ్రీకాకుళం, పలాస, పార్వతీపురం వైపు నుంచి వచ్చేవాళ్లను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మీరడిగిన వరుసలో కాకుండా నాకు ముఖ్యమనిపించిన వరుసలో చెబుతాను.

మీ ప్రశ్న మధ్యలో ‘వాడి బదులు నేను పోయినా బాగుండేది’ అన్న మాట ఉంది. దాన్ని దాటేసి ముందుకు పోలేను. బాధలో అందరూ అనే మాటే కావచ్చు. కానీ ఎప్పుడైనా ఆ ఆలోచన ‘ఎలా’ అన్నదాకా వెళ్లిందా, మాత్రలు దాచుకోవడం, ఇంట్లో ఉన్న పురుగుమందు గుర్తుకురావడం లాంటివి జరిగాయా అని మిమ్మల్ని మీరు అడగండి. జరిగి ఉంటే మిగతాది తర్వాత చదవచ్చు. ముందు 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం ఫోను నంబరు, 2022 అక్టోబరు 10న మొదలుపెట్టారు, ఖర్చు లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో పొలానికి కొట్టే మందు ఉంటే ఎవరికో ఒకరికి చెప్పి బయటికి పంపించేయండి. ఆ ఆలోచన ఒక కెరటంలా వచ్చి పోతుంది. అది వచ్చిన అరగంటలో చేతికి ఏదీ అందకుండా ఉంటే చాలామంది బతికి బయటపడతారు. చట్టం గురించి భయం వద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే ముందుగా భావించాలి, శిక్షించకూడదు.

ఇక మీ ఒంట్లో జరుగుతున్నది. ప్రాణం మీదికి వచ్చిన ఘటన తర్వాత అది పదే పదే కళ్లముందుకు రావడం, దాన్ని గుర్తుచేసే వాటినుంచి తప్పుకు తిరగడం, చిన్న శబ్దానికి ఉలిక్కిపడటం, మనుషుల మీద మమకారం మొద్దుబారడం, ఇవన్నీ కలిసి నెల దాటి కొనసాగితే పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అనే ఇబ్బంది కావచ్చు. అవునో కాదో ఎదురుగా కూర్చోబెట్టి అడిగినవాళ్లే తేల్చాలి, నేనిక్కడినుంచి పేరు పెట్టను. 1980లో అమెరికా సైకియాట్రీ సంఘం వాళ్ల పుస్తకంలోకి ఎక్కిన పేరది. పేరు కొత్తదే గాని బాధ మన దగ్గర కొత్తేమీ కాదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, ఇలా తుఫాన్లు వచ్చాయి. శ్రీకాకుళం తీరాన ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలకూలడం కళ్లారా చూసినవాళ్లలో కొందరికి ఇప్పటికీ దసరా దాటి గాలి కాస్త గట్టిగా వీస్తే కడుపులో తిప్పుతుంది. వాళ్లు పిరికివాళ్లు కారు, సముద్రం మీద రాత్రుళ్లు గడిపినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ప్రమాదం జరిగిన నెల, జరిగిన వేళ వచ్చినప్పుడు ఒళ్లు తనంతట తానే అప్రమత్తమవుతుంది. మీకు రాత్రి పదిన్నర షిఫ్టు వదిలే వేళే ఎక్కువ దడ అని రాశారు, అందులో వింత లేదు.

గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లడం మంచిదే. థైరాయిడ్, రక్తహీనత చూపించుకోకపోతే అవి కూడా ఒకసారి చూపించుకోండి, రెండూ దడ పుట్టిస్తాయి. ఆ తర్వాత పరీక్షలు ఆపేయండి. ఒక్కో ఈసీజీ మీకు నాలుగు రోజుల ధైర్యం ఇచ్చి, ఐదో రోజు ఇంకో ఈసీజీ అడుగుతోంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, మాట్లాడటానికి డబ్బులెందుకని. మీతో ఇంట్లో ఎంతమంది మాట్లాడారో ఆలోచించండి. అమ్మ ‘మర్చిపో నాయనా’ అని ఉంటుంది. మావయ్య ‘వాడి రాత అంతే, నువ్వేం చేస్తావు’ అని ఉంటాడు. మీ అత్తవారింటివైపు ఎవరో తాయెత్తు కట్టించి ఉంటారు. అందరిదీ ప్రేమే, కాదనను. కానీ ఆ మాటలన్నిటి సారం ఒకటే: దానివైపు చూడకు. మీ ఒళ్లు కూడా అదే అంటోంది. ఏడాదిన్నరగా మీరు చూడకుండానే ఉన్నారు, ఏం తగ్గింది?

కంపెనీ బస్సులో మీరు ఎడమవైపు సీటే చూసుకుంటారు, చెవిలో పాటలు పెట్టుకుంటారు, కర్టెన్ లాగేస్తారు. విజయనగరం రావాల్సి వస్తే హైవే వద్దని ఆమదాలవలస వెళ్లి రైలెక్కుతున్నారు. ఇలా తప్పుకున్న ప్రతిసారీ మనసుకు హమ్మయ్య అనిపిస్తుంది. ఆ హమ్మయ్యలోనే చిక్కంతా ఉంది. ‘తప్పుకున్నాను కాబట్టి బతికాను’ అని మెదడు లెక్క రాసుకుంటుంది. మర్నాడు ఇంకొంచెం ముందునుంచే హెచ్చరిస్తుంది. మొదట ప్రమాదం జరిగిన చోటు ఒక్కటే భయం, తర్వాత హైవే అంతా, తర్వాత బండి, తర్వాత హారన్, తర్వాత ఆ స్నేహితుడి వీధి. మీరు రాసిన వరుస కూడా దాదాపు ఇదే. భయం దానంతట అది పెరగలేదు, రోజూ కాస్త కాస్త మేత పడింది.

సైకోథెరపీ, అంటే మీరు కౌన్సెలింగ్ అంటున్న మాటల చికిత్స, ఈ మేత ఆపే పని. దానికి పద్ధతి ఉంది, వరుస ఉంది, మధ్యలో లెక్క చూసుకోవడం ఉంది. సలహాలు ఇవ్వడం అందులో చాలా చిన్న భాగం. మంచి థెరపిస్టు దగ్గర మొదటి రెండు సెషన్లలో మీకు సలహాలేవీ దొరకవు కూడా, ప్రశ్నలే ఎక్కువ. నిద్ర ఎలా ఉంది, తాగుడు ఉందా, ఏ మందులు వాడుతున్నారు, చచ్చిపోవాలనిపించిందా, ఇంట్లో ఎవరెవరు, ఏది తగ్గితే జీవితం కాస్త తేలికపడుతుంది. ఈ చివరి ప్రశ్నకు చాలామంది ‘టెన్షన్ తగ్గాలి’ అంటారు. అది చాలదు. ‘మా పాపను బండి మీద స్కూలుకి దింపాలి’ అంటే అది గురి. అక్కడినుంచి పని వెనక్కి అల్లుకుంటూ వస్తాం.

ఎలా అల్లుకుంటామో ఒకటి దగ్గరగా చూపిస్తాను. కాగితం మీద సున్నా నుంచి వంద దాకా భయానికి ఒక కొలత పెట్టుకుంటాం. సున్నా అంటే ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్నట్టు, వంద అంటే ఆ రాత్రి రోడ్డు మీద ఉన్నట్టు. తర్వాత ఒక్కో పనికి మీరే అంకె వేస్తారు. ఫోన్లో లారీ ఫొటో చూడటం 20. హారన్ శబ్దం రికార్డు చేసుకుని తక్కువ సౌండ్‌లో వినడం 35. పొద్దున్న పూట సర్వీసు రోడ్డు పక్కన టీ బడ్డీ దగ్గర బావమరిదితో కూర్చోవడం 50. ఊళ్లో ఏడు రోడ్ల కూడలి దాకా బండి మీద వెళ్లి రావడం 60. బస్సులో కుడివైపు కిటికీ పక్కన, పాటలు లేకుండా కూర్చోవడం 65. పగటి పూట ఆ చోటు మీదుగా వెళ్లడం 85. కిందినుంచి మొదలుపెడతాం. ఏ మెట్టు దగ్గరైనా నియమం ఒకటే, దడ వచ్చిందని లేచి రాకూడదు. చలికాలం పొద్దున్నే చెరువులో దిగిన మనిషి వణికిపోయి వెంటనే గట్టెక్కితే రేపు కూడా చలే గుర్తుంటుంది, కాసేపు నీళ్లలోనే ఉంటే ఒళ్లు సర్దుకుంటుంది. టీ బడ్డీ దగ్గర మొదటి పది నిమిషాలు 50 కాస్తా 70 అవుతుంది. ముప్పావుగంట కూర్చుంటే 40కి దిగడం మీకే తెలుస్తుంది. అలా దిగడం మీ ఒంటికి కొత్త పాఠం. మాటలతో ఆ పాఠం చెప్పలేం. ఒక్కోసారి ఆ రోజు అంకె పెద్దగా దిగకపోవచ్చు. దిగకపోయినా ‘ఉండగలిగాను, ఏమీ కాలేదు’ అన్నది మిగులుతుంది, దానికీ విలువ ఉంది. మర్నాడు అదే చోటికి మళ్లీ వెళ్లాలి, ఆ పై రోజు కూడా.

ఇది చదివి రేపే హైవే ఎక్కేయకండి. మత్తు మాత్ర ప్రభావం ఉండగా బండి తోలకూడదు, హెల్మెట్ లేకుండా ధైర్యం చూపించడం చికిత్స కాదు. మెట్లు ఎవరితోనైనా కూర్చుని రాసుకోవాలి.

దడ ఒక సగం. రెండో సగం మీరు ఒకే వాక్యంలో రాశారు: ‘నేనే బండెక్కమన్నాను.’ దీన్ని మందులు ముట్టవు, ‘నీ తప్పేం లేదు’ అనే ఓదార్పు కూడా ముట్టదు. ఆ ఓదార్పు మీరు చాలాసార్లు విని ఉంటారు, విన్న ప్రతిసారీ లోపల ‘మీకేం తెలుసు’ అనుకుని ఉంటారు. అందుకే థెరపీలో ఆ మాట అనం, అడుగుతాం. ఇలాంటి బాధతోనే వచ్చిన మరొకరితో జరిగిన మాటలు, గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.

‘ఎందుకు ఎక్కమన్నారు?’

‘రాత్రయింది. వాళ్ల ఊరికి ఆటో దొరకదు.’

‘ఎక్కేటప్పుడు మీకేం తెలుసు?’

‘ఏం తెలుసంటే... బండి కండిషన్లో ఉంది. వాన లేదు. నేను నెమ్మదిగానే తోలతాను.’

‘లారీ సంగతి?’

‘అదెలా తెలుస్తాది మేడమ్?’

‘మీరు ఎక్కమనకుండా ఆ చీకట్లో నడిచి వెళ్లమని ఉంటే, అప్పుడు మీ గురించి మీరేమనుకునేవారు?’

చాలాసేపు మాట లేదు. తర్వాత, ‘సిగ్గు లేదా అనుకుందును.’

ఆ సెషన్ అక్కడితో ఆగింది. తప్పు అని ఆయన అనుకుంటున్న పని ఆ రాత్రి ఆయనకు తెలిసినంతలో స్నేహధర్మం. తర్వాత తెలిసిన సంగతి తీసుకెళ్లి అప్పటి మనిషి నెత్తిన పెట్టి తీర్పు చెబుతున్నాడు. ఇది అర్థమైన వెంటనే మనసు తేలికైపోతుందనుకోకండి. చాలామందికి ముందు ఇంకా కష్టంగా ఉంటుంది. తప్పు నాదైతే కనీసం ఆ ఘటన నా చేతిలో ఉన్నట్టు, ఇంకోసారి జాగ్రత్తపడితే జరగనట్టు. తప్పు నాది కాదంటే అలాంటిది ఎవరికైనా, ఎప్పుడైనా జరగొచ్చని ఒప్పుకోవాలి. ఆ రెండోది మోయడం బరువు. అందుకే మనుషులు నేరభావాన్ని అంత తేలిగ్గా వదలరు. అది వదిలాక గాని అసలు ఏడుపు రాదు, పోయిన స్నేహితుడి కోసం వచ్చే ఏడుపు. ఏడాదిన్నరగా మీరు మీ మీద కేసు నడుపుకుంటున్నారు, వాడి కోసం ఏడ్చే తీరిక దొరకలేదని నా అనుమానం.

అంతా చెప్పాలా అన్నారు. అక్కర్లేదు. మొదటి రోజే ‘ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పండి’ అని బలవంతపెట్టే చోట ఉండకండి. దెబ్బతిన్న మనిషిని ఒక్కసారి కూర్చోబెట్టి అంతా కక్కించేస్తే తేలికపడతాడన్న పాత నమ్మకం పరిశోధనల్లో నిలబడలేదు, కొందరికి అది చెరుపే చేసింది. పద్ధతులు వేర్వేరు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే దానిలో జరిగినదాన్ని కళ్లు మూసుకుని, వర్తమానంలో జరుగుతున్నట్టు, మళ్లీ మళ్లీ చెప్పాలి. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి గంటన్నర దాకా. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ మామూలుగా 12 సెషన్లు, పైన చూపించిన సంభాషణ లాంటి పని అందులో ఎక్కువ, ఘటన వివరాలన్నీ చెప్పకుండానే చేయొచ్చు. ఈఎండీఆర్ అని ఒకటుంది, 1980ల చివర్లో ఫ్రాన్సిన్ షపీరో అనే ఆవిడ మొదలుపెట్టింది. జ్ఞాపకాన్ని మనసులో పట్టుకుని థెరపిస్టు వేలు కదిపిన వైపు కళ్లు తిప్పడం అందులో భాగం, చెప్పాల్సింది తక్కువ. చూడ్డానికి మంత్రం వేసినట్టుంటుందని మావాళ్లు నవ్వుతారు గాని పీటీఎస్‌డీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన చికిత్సల్లో అదీ ఉంది. మన రెండు జిల్లాల్లో ఈ మూడూ నేర్చినవాళ్లు వీధికొకరు దొరకరు. దొరికినవారికి ఏది వచ్చో అడిగి తెలుసుకోండి. పద్ధతి పేరుకన్నా, ఆ మనిషి ముందు నోరు విప్పగలనా అన్నది మొదట చూసుకోవాల్సింది.

నోరు విప్పడం గురించి ఇంకో మాట. మనవైపు మనుషులు మొదటి సెషన్లో టీవీ యాంకర్ తెలుగు మాట్లాడటానికి తంటాలు పడతారు. ‘నాకు చాలా ఆందోళనగా అనిపిస్తోంది’ అంటారు. మూడో సెషన్లో ఎప్పుడో ‘ఏటి సెయ్యాలో తెలట్లేదమ్మా’ అని వస్తుంది, అప్పటినుంచి పని మొదలవుతుంది. మీ యాసలో మీరు మాట్లాడితే అర్థం చేసుకునే మనిషి దగ్గరికే వెళ్లండి. ఆన్‌లైన్‌లో పెద్ద నగరాల థెరపిస్టులు దొరుకుతారు, బాగా చేసేవాళ్లున్నారు. కానీ ఏడుస్తూ ఇంగ్లీషులోకి మార్చుకోవాల్సిన గతి పట్టకూడదు.

నాన్న గురించిన ఆ ఒక్క వాక్యానికి వస్తాను. భార్యతో గొడవకు దానికీ సంబంధం ఉందని నా అంచనా. మీరు రాసిన గొడవ ఇలా నడుస్తోంది. మీరు ఇంటికొస్తారు, మాట్లాడరు. ఆవిడ ‘ఏమైంది’ అంటుంది. ‘ఏం లేదు.’ మళ్లీ అడుగుతుంది, గొంతు పెరుగుతుంది. మీరు ఇంకా ముడుచుకుంటారు. ఆవిడ ‘బయట ఎవరైనా ఉన్నారా’ దాకా వెళ్తుంది. మీరు చెప్పులు వేసుకుని వెళ్లిపోతారు. తాగొచ్చిన తండ్రి అరుస్తుంటే కదలకుండా, మాట్లాడకుండా మూల నిలబడటం ఆ పిల్లాడికి దెబ్బ తప్పించిన విద్య. గొంతు పెరిగిందంటే ఒళ్లు ఇప్పటికీ ఆ విద్యనే బయటికి తీస్తోంది. ఎదురుగా ఉన్నది తాగిన తండ్రి కాదని, భయపడుతున్న భార్య అని ఒంటికి తెలియదు. ఆవిడకేమో మీ మౌనం గోడలా కనిపిస్తుంది, గట్టిగా కొడితే గాని వినపడదనుకుంటుంది. ఇద్దరూ భయంతోనే ఉన్నారు.

చిన్ననాటి దెబ్బలు ఏళ్ల తరబడి పడ్డవైతే, ఒక్క ప్రమాదంలా పన్నెండు సెషన్లలో ముగిసే పని కాకపోవచ్చు. అలాంటి దీర్ఘకాలపు దెబ్బకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టిక ఐసీడీ-11లో కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని వేరే పేరే పెట్టింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. అందులో సాధారణంగా ముందు నిద్ర, కోపం, మనుషుల మీద నమ్మకం సర్దుకోవాలి. జ్ఞాపకాల జోలికి ఆ తర్వాతే. మీ విషయంలో రెండూ కలిసి ఉన్నాయేమో చూసినవాళ్లే చెప్పాలి. నా ఓటు యాక్సిడెంట్‌తో మొదలుపెట్టమని. గట్టు కనిపించే పని ముందు చేస్తే, థెరపీ మీద నమ్మకం వచ్చాక నాన్న సంగతి ఎత్తడం సులువు.

భార్యను తీసుకెళ్లాలా? మొదట మీరొక్కరే వెళ్లండి. కొన్ని సెషన్ల తర్వాత, మీరు సరేనంటే, ఆవిడను ఒకసారి పిలిచి మీకేమవుతోందో వివరిస్తారు. మీరు చెప్పమన్నది తప్ప ఇంకేదీ ఆవిడకు చెప్పరు. అది పెద్దమనుషుల పంచాయితీ కాదు, ఎవరిది తప్పో అక్కడ తేల్చరు. ఆ ఒక్క సెషన్ తర్వాత సగం అనుమానాలు పోయిన ఇళ్లు చూశాను. ఇది చదివే మరెవరింట్లోనైనా చేయి చేసుకోవడం ఉంటే మాత్రం, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే కౌన్సెలింగ్ సరికాదు. దెబ్బ తినేవాళ్లు అక్కడ నిజం చెప్పలేరు, చెబితే ఇంటికెళ్లాక దానికి వేరే ఫలితం. అలాంటివారికి 181 మహిళా హెల్ప్‌లైన్, జిల్లా కేంద్రంలోని సఖి వన్ స్టాప్ సెంటర్, 2005 గృహహింస చట్టం ఉన్నాయి. ముందు రక్షణ, తర్వాతే థెరపీ.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు మీరు ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. దడ మొదలైనప్పుడు చెప్పులు వేసుకునే ముందు ఆవిడకు ఈ రెండు ముక్కలు చెప్పండి: ‘నాకిప్పుడు గాబరాగా ఉంది, నీ మీద కోపం కాదు. ఇరవై నిమిషాలు డాబా మీద ఉండి వస్తాను.’ ఇరవై నిమిషాలకు రావాలి. అసలు మందు ఆ రావడంలో ఉంది. నాలుగుసార్లు చెప్పిన వేళకు తిరిగొస్తే ఆవిడ గొంతు దానంతట అదే దిగుతుంది.

ఇక మాత్ర. ఆల్ప్రజోలం డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు, అలవాటు చేసే మందు. రాత్రికి మాత్రం నిద్ర ఇచ్చి, అసలు గాయాన్ని అలాగే ఉంచుతుంది. పైగా టీ బడ్డీ దగ్గర దడ దిగడం చూపించే పాఠాన్ని కూడా మొద్దుబారుస్తుంది. అలాగని ఇవాళే మానేయొద్దు. కొన్ని నెలలు వరసగా వేసుకున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే దడ, నిద్రలేమి రెట్టింపవుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. సైకియాట్రిస్టుకు, అంటే మందులు రాసే మానసిక వైద్యుడికి, చూపించి మెల్లగా తగ్గించుకోవాలి. ఆ మాత్ర మీద మద్యం తాగడం ప్రాణాంతకం కావచ్చు, ఎప్పుడూ కలపకండి. సైకియాట్రిస్టు ఆందోళన తగ్గించే సెర్ట్రలిన్ లాంటి మందు రాయొచ్చు. అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మత్తుమందు కాదు, మొదటి వారం కడుపులో తిప్పితే భయపడి ఆపేయొద్దు. నాలాంటి సైకాలజిస్టులు మందులు రాయరు, రాయకూడదు. రాసిస్తానన్న సైకాలజిస్టు కనిపిస్తే లేచి వచ్చేయండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది మన ఊళ్లలో పెద్ద చిక్కు. కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టేస్తున్నారు. క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎం.ఫిల్ లాంటి ప్రత్యేక శిక్షణ పొంది, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదైనవారు. నంబరు అడిగితే చెప్పాలి, నొచ్చుకోకూడదు. ఎం.ఎస్సీ చదివి అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేసే మంచి కౌన్సెలర్లు కూడా ఉన్నారు, మామూలు ఆందోళనకు వాళ్లు చాలు. మీలాంటి గాయానికి ట్రామా పని, అంటే ఇలాంటి ఘటనలు మనసుకు చేసిన గాయాల చికిత్స, నేర్చినవారు కావాలి. డబ్బు ఇబ్బందైతే శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. నెల్లిమర్లలో మిమ్స్ అనే వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, మనవాళ్లు దాని పేరు తిట్టుగా వాడతారు గాని మీలా ఉద్యోగం చేసుకుంటూ ఓపీకి వచ్చి మందు తీసుకుపోయేవాళ్లు అక్కడ కనిపిస్తారు. ప్రభుత్వ ఓపీలో జనం ఎక్కువ, గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడటం ప్రతిసారీ కుదరదు. మందు, నిర్ధారణ అక్కడ తీసుకుని, మాటల పని వేరేచోట వారానికోసారి చేసుకునేవాళ్లు చాలామంది.

తెలిసిపోతుందన్న భయం నిజమే, దాన్ని కొట్టిపారేయను. వెయిటింగ్ హాల్లో మీ పెదనాన్నగారి వియ్యంకుడు తగిలే ఊళ్లు మనవి. చట్టం మీవైపు ఉంది, 2017 చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే, కోర్టు అడిగితే తప్ప మీ కంపెనీకి గాని మీ అన్నయ్యకు గాని చెప్పకూడదు. వెయిటింగ్ హాలుకు చట్టం వర్తించదు కాబట్టి, శ్రీకాకుళం వాళ్లు విజయనగరం వస్తారు, విజయనగరం వాళ్లు విశాఖ వెళ్తారు. రైలులో సుమారు గంట, తప్పేమీ లేదు. మొదటి ఒకటి రెండు సెషన్లు ముఖాముఖిగా కూర్చుని, తర్వాత వీడియో కాల్‌కు మారొచ్చు. కాకపోతే డాబా మీద నిలబడి చేయకండి, పక్క డాబా వాళ్లు మీకన్నా శ్రద్ధగా వింటారు. బండి తీయలేరు కాబట్టి బావమరిది కారో, డ్యూటీ లేని రోజు స్నేహితుడి ఖాళీ గదో చూసుకోండి. అరసవల్లి వెళ్లండి, పైడితల్లికి మొక్కుకోండి, తాయెత్తు ఉంటే ఉండనీయండి, దేనికీ అడ్డం కాదు. మందులు ఆపేయమన్న గురువు మాట మాత్రం వినకండి.

ఎన్నాళ్లంటే, వారానికి ఒకటి చొప్పున మూడు నాలుగు నెలలు అనుకోండి, నాన్న సంగతి కూడా తెరిస్తే ఇంకా ఎక్కువ. సెషన్ ఒక్కోటి మామూలుగా 45 నిమిషాల నుంచి గంట, ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అయితే గంటన్నర దాకా. రెండు మూడు వారాల దగ్గర పీడకలలు కొంచెం పెరగొచ్చు, గాయం కదిలినప్పుడు అది మామూలే. అక్కడే చాలామంది ‘పనవ్వట్లేదు’ అని మానేస్తారు. షిఫ్టు మారింది, పెళ్లి వచ్చింది, వాన వచ్చింది అని సెషన్లు తప్పుతుంటే, అది కూడా ఎడమవైపు సీటు వెతుక్కోవడం లాంటిదేనేమో చూసుకోండి. ఆరు సెషన్లు దాటినా నిద్రలో గాని, తప్పుకు తిరగడంలో గాని ఏ మార్పూ లేకపోతే థెరపిస్టునే నేరుగా అడగండి, పద్ధతి మార్చాలా అని. అడిగితే కోప్పడేవారైతే వేరేవారిని చూసుకోవచ్చు. విడాకులు తీసుకో, తీసుకోకు అని తీర్పిచ్చేవారు, తమ సొంత కష్టాలు మీకు చెప్పుకునేవారు, మూడు సిట్టింగుల్లో గ్యారంటీ అనేవారు, రాత్రిళ్లు వాట్సాప్‌లో కబుర్లు పెట్టేవారు కూడా వద్దు.

ఫోన్ చేసినప్పుడు కథంతా చెప్పక్కర్లేదు. ‘ఏడాదిన్నర కిందట రోడ్డు ప్రమాదం అయింది, దడ, నిద్ర లేదు, ట్రామా పని మీరు చేస్తారా, ఏ పద్ధతిలో, ఫీజెంత, సాయంత్రం షిఫ్టు వారాల్లో పొద్దున్న టైము ఇస్తారా’ ఇంతే. వెళ్లేటప్పుడు మాత్ర స్ట్రిప్, ఈసీజీ కాగితాలు, థైరాయిడ్ రిపోర్టు ఒక కవర్లో పెట్టుకెళ్లండి. సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ కూడా అదే వారంలో తీసుకుంటే మాత్ర తగ్గించే పని రెండోసారి తిరగకుండా మొదలవుతుంది.